చిల్లుల డబ్బా

కాఫీ పొడి మార్చడం ఆమె పని. తాగడానికి కాదు, వాసన చూడ్డానికి.

ఆ ఇంట్లో చెప్పుల స్టాండు మీద, తాళాల గుత్తి పక్కన ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. మూతకి మేకుతో కొట్టిన చిల్లులు. పొద్దున్నే లేచిన ప్రతి మనిషీ ఆ డబ్బా దగ్గరికొచ్చి, మూత తీయకుండా, చిల్లుల్లోంచి ఒకసారి గాలి పీల్చి, "వస్తోంది" అని నలుగురికీ వినపడేలా చెప్పాలి. అలా చెప్పినవాళ్లకే టేబుల్ దగ్గర కుర్చీ. వాసన పోవడమే మహమ్మారికి మొదటి గుర్తని లోకమంతా చెప్పుకుంటున్న రోజుల్లో భర్త కనిపెట్టిన పద్ధతి ఇది. మేకు కొట్టింది ఆయనే. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆయన తన చేతులతో తయారుచేసిన వస్తువు అదొక్కటే కాబట్టి, జబ్బు ఊరొదిలి వెళ్లిపోయినా డబ్బాకి మాత్రం సెలవు దొరకలేదు. కూతురు ఆయనకి హెల్త్ ఆఫీసర్ అని పేరు పెట్టింది. వెక్కిరింత అని తోచక ఆయన మురిసిపోయాడు.

"పొడి పాతబడితే వాసన తగ్గిపోతుంది. ఇక పరీక్షకి విలువేముంటుంది? డిగ్రీలో కెమిస్ట్రీ చదివావు, ఆ మాత్రం తెలీదూ?" అన్నాడొకసారి. ఆమె డిగ్రీ ప్రస్తావన ఆ ఇంట్లో రావడం అదే మొదలు. ఇన్నాళ్లకైనా గుర్తొచ్చినందుకు ఆమె కొంచెం సంతోషించింది కూడా.

అప్పట్నుంచీ మారుస్తూనే ఉంది. విడ్డూరమేమిటంటే, ఆ పొడి కొత్తదో పాతదో ఆమెకే తెలియదు. ఆమెకి వాసన పోయి చాన్నాళ్లైంది. పోయింది మళ్లీ రాలేదు. ఉల్లిపాయ వేగిందో లేదో రంగు చూసి, చప్పుడు విని చెబుతుంది. స్టవ్ ఆపాక మళ్లీ వెనక్కొచ్చి మీట పట్టుకుని చూస్తుంది. పొద్దున్నే డబ్బా ముందు నిలబడి అందరికంటే గట్టిగా "వస్తోంది" అంటుంది.

ఒకప్పుడు నిజమే చెప్పింది. ఆ రోజుల్లో ఒక ఉదయం చిల్లుల్లోంచి ఏమీ రాకపోతే, రెండోసారి కూడా పీల్చి చూసి, "నాకు రావట్లేదు" అంది. అంతే. వెనక గది, మూసిన తలుపు, గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్లే కంచం. మిగతావాటిలో కలిసిపోకుండా ఆ కంచానికీ గ్లాసుకీ అత్తగారు ఎర్ర గోళ్లరంగుతో చుక్కలు పెట్టించింది. కొద్దిరోజులకి మామగారికి ఊపిరందలేదు. అంబులెన్సు వచ్చింది. మామగారు తిరిగి రాలేదు. చివరిచూపుకి కూడా ఎవర్నీ రానివ్వలేదు. పక్కపక్కన కూర్చుని ఏడవడానికి కూడా వీల్లేని ఆ రోజుల్లో, ఇంట్లోవాళ్లకి పట్టుకోవడానికి మిగిలింది ఒకే ప్రశ్న. ఎవరు తెచ్చారు?

జవాబు వెనక గదిలో సిద్ధంగా ఉంది. భర్తకి ఆఫీసు మీటింగులుంటే, కూరగాయలకని మార్కెట్‌కి వెళ్లింది ఆమె కదా.

ఎవరూ కేకలెయ్యలేదు. మంచి కుటుంబం. అత్తగారు మాత్రం మామగారి ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, "ఆ పూటకి కూర లేకపోతే ఏం కొంపలు మునిగాయమ్మాయ్?" అంది. భర్త, "పోన్లే అమ్మా. కావాలని చేసిందా? జరిగిందేదో జరిగింది," అన్నాడు. అలా ఆయన ఆమెని క్షమించేశాడు. ఆ క్షమ ఇప్పటికీ ఆమె నెత్తిమీదే ఉంది. దించుకోమని ఎవరూ అనలేదు. వెనక గది తలుపు తెరవాలంటే డబ్బా ముందు పాసవ్వాలి కాబట్టి ఒకరోజు "వస్తోంది" అని అబద్ధమాడింది. తలుపు తెరిచారు. గోళ్లరంగు మాత్రం గట్టి రకం, ఎంత తోమినా పోలేదు. ఆ కంచం, ఆ గ్లాసు ఆమెకే ఉండిపోయాయి.

ఇదంతా జరిగిన చాన్నాళ్లకి, ఒక ఉదయం వంటింట్లో ఆమె పొడి మారుస్తుండగా, స్నానాల గదిలోంచి "తువ్వాలేదీ?" అని కేక. ఆమె కళ్లజోడు ఫ్రిజ్ మీదుంది. చేతికందిన పొట్లం విప్పి, డబ్బాలో నాలుగు చెంచాలు వేసి, మూత బిగించి, తువ్వాలందించింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, ఎప్పట్లాగే అందరికంటే ముందు డబ్బా ఎత్తి, కళ్లు మూసుకుని దీర్ఘంగా పీల్చాడు.

"ఆహా! వస్తోంది. ఫస్ట్ క్లాస్!"

ఆయన చొక్కా వేసుకోవడానికి లోపలికెళ్లాక కూతురు నోట్లో బ్రష్షుతోనే వచ్చి డబ్బా దగ్గర వంగి, ఆగింది.

"అమ్మా, ఇవాళ టీనా?"

"ఏంటే?"

"డబ్బాలో టీ పొడి వేశావు. సిలబస్ మార్చారా హెల్త్ ఆఫీసర్ గారు?"

"షాపతను ఏ పొట్లం ఇచ్చాడో ఏంటో. నువ్వు ముందు నోరు కడుక్కో," అని డబ్బా లాక్కుని వంటింట్లోకి వచ్చేసింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే టీ పొడే. దొరికిపోయాను అనుకుంది ముందు. కాఫీకీ టీకీ తేడా తెలియని ముక్కుని ఇంకెన్నాళ్లు దాస్తాను, మళ్లీ వెనక గదేనా, ఈసారి తలుపుకి కూడా చుక్క పెడతారా అనుకుంటూ, ఆ పొడి చెత్తబుట్టలో దులుపుతూ ఉంటే, అప్పుడు, చెయ్యి దానంతటదే ఆగింది.

ఆయన ఫస్ట్ క్లాస్ అన్నాడు.

అనుమానం ఇంట్లోకి వస్తే ముందు పాత సామానంతా బయటికి లాగుతుంది. ఆయన వంటకి వంకపెట్టి ఎంత కాలమైంది? పెళ్లైన కొత్తలో గుమ్మంలోంచే "పోపు మాడిందా?" అనేవాడు. మూత తీయకముందే ఉప్పు సంగతి చెప్పేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, లేచి వెళ్తున్నాడు. తండ్రి పోయిన దుఃఖం మనిషిని మెత్తబరిచింది అనుకుంది ఇన్నాళ్లూ. పక్కింటావిడతో "మా ఆయన చాలా మారిపోయారండీ" అని గొప్పగా చెప్పుకుంది కూడా. మారింది మనసా, ముక్కా?

మర్నాడు పొడి మార్చే పని లేకపోయినా మార్చింది. ఒకసారి జరిగింది పొరపాటు కావచ్చు, మళ్లీ చేసి చూడనిదే నమ్మకూడదని డిగ్రీ ల్యాబ్‌లో లెక్చరర్ చెప్పేవారు. డబ్బాలో ఒంటిసబ్బు తురిమి వేసింది. గులాబీల పరిమళం అని కవరు మీద రాసుంది కాబట్టి ఆమె కూడా నమ్మింది. "ఫస్ట్ క్లాస్," అన్నాడాయన. ఆయన అటు తిరగ్గానే ఖాళీ చేసి కాఫీ పొడి వేసేసింది, కూతురూ అత్తగారూ వచ్చేలోపు. ఆ తర్వాత సుద్దముక్కల పొడి. ఫస్ట్ క్లాస్. ఇంకో రోజు బూట్ల పాలిష్ పెట్టింది. ఆయన మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పీల్చి, తల పంకించి, "కొత్త ప్యాకెట్టా? ఘాటుగా ఉంది, బాగుంది. ఇదే తెప్పిస్తూ ఉండు," అన్నాడు. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో నవ్వుకుంది. ఎన్నాళ్ల తర్వాత నవ్విందో. నవ్వుతూ నవ్వుతూ ఎదురుగా ఉన్న స్టవ్ వైపు చూసేసరికి, నవ్వు ఆగిపోయింది.

పాలు మాడిన రోజు గుర్తొచ్చింది.

అప్పటికి ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. డబ్బా కూడా లేదు. ఆమె పాలు స్టవ్ మీద పెట్టి, మేడమీద బట్టలారేస్తోంది. వంటింటి పక్కనే టేబుల్ దగ్గర ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. స్టవ్ ఆయన కుర్చీకి రెండడుగులు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడి, ఆ కంపుకి ఆ చివరి గదిలో నిద్రపోతున్న అత్తగారు లేచి, "ఇల్లు కాలిపోతోందర్రా!" అని పరుగెత్తుకొచ్చింది. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి ఆయన తలెత్తి, "ఏమైంది?" అని అడుగుతున్నాడు. పని ధ్యాసలో ఉన్నాడు పాపం అనుకున్నారు అందరూ. తిట్లు ఆమెకి పడ్డాయి, స్టవ్ మీద పెట్టి మేడెక్కినందుకు. ఆ గిన్నె తోమడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆ తర్వాత రెండు రోజులకే ఆయన మేకూ సుత్తీ పట్టుకుని డబ్బాకి చిల్లులు పెట్టాడు. అందరికీ పట్టి వాసన చూపించాడు. అందరికీ వచ్చింది. తను మాత్రం చూడలేదు. పరీక్ష పెట్టేవాళ్లు పరీక్ష రాయరు కదా అని ఎవరూ అడగలేదు. ఆమె మార్కెట్‌కి వెళ్లింది ఆ తర్వాత. మామగారు దగ్గడం మొదలుపెట్టింది ఆమె మార్కెట్‌కి వెళ్లడానికి ముందు. "పొలమారింది" అనేవారు మామగారు, ఎవరూ అడక్కముందే.

ఆమె కుళాయి కట్టేసింది.

ఆ ఊరంతా ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరూ అడక్కుండానే సంజాయిషీ చెప్పుకుంటూ. లిఫ్టులో ఎవరికైనా దగ్గొస్తే మిగతావాళ్లు అంతస్తుల అంకెల వైపు చూస్తారు. దగ్గినవాళ్లు "దుమ్మండీ, దుమ్ము" అంటారు. మందుల షాపతను అప్పుడు కట్టిన ప్లాస్టిక్ తెర ఇంకా విప్పలేదు. కింద పిల్లలు ఆడుకునే ముట్టుకునే ఆటలో దొంగని ఇప్పుడు దొంగ అనరు, పాజిటివ్ అంటారు. పాజిటివ్ ముట్టుకుంటే వీడూ పాజిటివ్, ఇక అందరూ వీణ్ణి చూసి పారిపోవాలి. ప్రతి ఇంట్లోనూ ఒక విచారణ జరిగింది, ప్రతి ఇంటికీ ఒక ముద్దాయి తేలింది. పై అంతస్తు టీచరమ్మ ఇంట్లో టీచరమ్మ తెచ్చింది, జీతం కోసం స్కూలుకెళ్లి. కింద షాపు టైలర్ ఇంట్లో టైలర్ పెళ్లాం తెచ్చింది, గుండీలు కొనుక్కురావడానికి వెళ్లి. ఎదురింట్లో కోడలు నర్సు, ఇంక అడగాలా? ఇన్నాళ్లూ విడివిడిగా విన్న ఈ కబుర్లన్నీ ఆమె ఇప్పుడు పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆ ఊరి మగవాళ్లలో ఒక్కరికి కూడా జబ్బు బయటినుంచి రాలేదు. అందరికీ ఇంట్లోనే అంటుకుంది.

ఆ మాట టీచరమ్మతో అంటే ఆవిడ మెట్లమీద కూర్చుని మరీ నవ్వింది. నవ్వాక ఉన్నట్టుండి, "మా స్కూల్లో చిన్న క్లాసులకి సైన్సు చెప్పేవాళ్లు కావాలి. నువ్వు చెప్పగలవు. ప్రిన్సిపల్ నన్నడిగింది. రాకూడదూ?" అంది.

"మా ఇంట్లో..."

"మీ ఇంట్లోవాళ్లని పిలవట్లేదు తల్లీ, నిన్నే పిలుస్తున్నా. రేపు పొద్దున్న నాతో రా. రానంటే ఇంకొకరికి చెబుతారు."

ఆ మధ్యాహ్నం ఆమెకి ఇంకొకటి కనిపించింది. చూడకపోయి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. ఆరిన బట్టలు తీసుకుని చప్పుడు కాకుండా మేడ దిగి వస్తుంటే, మెట్లవైపు కిటికీలోంచి వంటింట్లో ఆయన ఒక్కడే నిలబడి కనిపించాడు. అలమర తెరిచి, సీసాలు ఒక్కొక్కటీ తీస్తున్నాడు. మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, పీల్చి, ఆగి, మళ్లీ పీల్చి, మూత పెట్టి, ఇంకొకటి. మిరియాలు. లవంగాలు. యాలకులు. చివరి సీసా దగ్గర ఆయన భుజాలు కొంచెం కిందికి జారాయి. సీసాలన్నీ మళ్లీ ఉన్నచోటే, వాటి మొహాలు బయటికి తిప్పి, జాగ్రత్తగా పెట్టాడు.

ఆమె చేసిన పనే అది. అదే అలమర ముందు, అదే వరుసలో, ఎన్నిసార్లో. బట్టల మూట గుండెకి అదుముకుని మెట్టుమీదే ఆగిపోయింది. భయపడ్డాడన్నమాట. డబ్బా కనిపెట్టింది మమ్మల్ని పట్టుకోవడానికి కాదు, మాకెవరికీ అంటలేదని ప్రతి ఉదయం తనకి తాను చెప్పుకోవడానికి. నాన్నకి నేనే అంటించానేమో అన్న మాట ఒకటి ఈయన లోపల కూర్చుని ఉంది, అది బయటికి రాకుండా మూత బిగించుకుని తిరుగుతున్నాడు. ఈయన నా మీద అబద్ధం కల్పించలేదు. తప్పు వచ్చి నా మీద పడింది, పడ్డచోటు నుంచి దాన్ని ఎత్తలేదు, అంతే. ఇవాళ రాత్రికి పక్కన కూర్చుని, "నాకూ వాసన రాదండీ, ఇప్పటిదాకా రాలేదు" అని చెప్పేస్తే? ఇద్దరం కలిసి ఏడ్చుకుంటే సరిపోదూ? అంత దాకా వెళ్లింది ఆమె మనసు. మెత్తటి మనిషి.

సాయంత్రం టేబుల్ దగ్గర స్కూలు సంగతి చెప్పింది. ఆయన గ్లాసు దించి, కోపం లేకుండా, చాలా మామూలుగా అన్నాడు:

"అప్పుడు మార్కెట్‌కి వెళ్లి తెచ్చింది చాలదూ? ఇప్పుడు స్కూలుకెళ్లి ఏం తెస్తావు?"

అత్తగారు మామగారి కుర్చీ వైపు చూసి నిట్టూర్చింది. కూతురు, "నాన్నా!" అంది. ఆయన "ఏం, ఉన్నమాటేగా?" అని గ్లాసెత్తి మిగిలింది తాగేశాడు.

ఉన్నమాట. తెలియక అన్నాడని సరిపెట్టుకోవడానికి కూడా మధ్యాహ్నం చూసిన ఆ సీసాలు ఒప్పుకోవడం లేదు. తెలిసీ అన్నాడు. ఇన్నేళ్లూ తెలిసే అన్నాడు. ఆమె లేచి ఎర్రచుక్క కంచం తీసి, కడిగి, బోర్లించింది.

స్నానాల గదిలో, అద్దం వెనక అరలో మామగారి తలనూనె సీసా ఇంకా ఉంది. సగం ఉంది. పారెయ్యబోతే అత్తగారు ఊరుకోలేదు. ఆ నూనె వాసన ఆయన కంటే ముందు ఇంట్లోకి వచ్చేదనీ, ఆయన బయటికెళ్లాక కూడా కుర్చీలో కూర్చునే ఉండేదనీ అందరూ వేళాకోళం చేసేవాళ్లు. పొద్దున్నే లేచి దూదిముక్కకి ఆ నూనె పట్టించి డబ్బాలో పెట్టింది. అలవాటు కొద్దీ, ల్యాబ్‌లో నేర్పినట్టు చేత్తో గాలి ముక్కువైపు విసురుకుంది. ఏమీ లేదు. సరే. ఇది ఆమెకోసం కాదు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి చెప్పుల స్టాండు దగ్గర నిలబడింది. ఆయనొక్కడికీ పరీక్ష పెట్టి, ఎప్పట్లాగే మార్చేద్దామనే ఆమె అనుకున్నది. ఈసారి మూత తీసి ఆయనకి చూపించి, తలుపేసుకుని ఇద్దరే మాట్లాడుకుందామని.

ఆయన వచ్చి, చీర వైపు ఒకసారి, డబ్బా వైపు ఒకసారి చూసి, ఎత్తి పీల్చాడు.

"కాఫీ. ఫస్ట్ క్లాస్!"

"ఇటియ్యరా," అని వెనకనుంచి చెయ్యి వచ్చింది. స్నానం అయితే గాని గది దాటని అత్తగారు, కోడలు నిజంగానే బయల్దేరుతోందేమో చూడ్డానికి ఆ పూట ముందే లేచి వచ్చింది.

"అత్తయ్యా, ఆగండి, పొడి మార్చాలి..."

ఆవిడ అప్పటికే డబ్బా అందుకుంది. చిల్లుల దగ్గరికి ముఖం తెచ్చింది. డబ్బాకి ముక్కు తగలకూడదన్న కొడుకు నియమం మర్చిపోయి మూతకి ఆనించేసింది. తియ్యలేదు. కళ్లు మూసుకున్నాయి. రెండో చెయ్యి కూడా వచ్చి డబ్బాని పొదివి పట్టుకుంది. చివరిచూపు కూడా దక్కని మనిషి, ఆ చిన్న రేకు డబ్బాలో ముఖం పెట్టుకుని, పిల్ల ఊపిరి తీసినట్టు చిన్నచిన్నగా ఊపిరి తీస్తోంది.

"అమ్మా, చెప్పు. వస్తోందా?" అన్నాడు హెల్త్ ఆఫీసర్.

"కాఫీ అన్నావేంట్రా?" అంది ఆవిడ, కళ్లు తెరవకుండానే. "ఇది మీ నాన్న."

ఆయన డబ్బా లాక్కుని మూత తీశాడు. దూది చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు, ఆగి మళ్లీ పీల్చాడు, నిన్న సీసాల దగ్గర పీల్చినట్టే.

"జలుబు చేసిందమ్మా... నిన్నట్నుంచి..."

"నిన్నట్నుంచా అండీ," అంది ఆమె, "పాలు మాడిన రోజునుంచా?"

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం కనిపించలేదు. అత్తగారు కళ్లు తెరిచి స్టవ్ వైపు చూసింది. స్టవ్‌కి రెండడుగుల దూరంలో ఉన్న కొడుకు కుర్చీ వైపు చూసింది. ఆ తర్వాత చాలాసేపు కొడుకు వైపు చూసింది. ఆయన నోరు తెరిచి, "నాన్నకి చెప్దామనే అనుకున్నానమ్మా. చెప్పేలోపే..." అని ఆగిపోయాడు. ఎవరూ కేకలెయ్యలేదు. మంచి కుటుంబం.

అత్తగారు టేబుల్ దగ్గరికి నడిచింది. ఇన్నాళ్లూ ఎవర్నీ కూర్చోనివ్వని ఆ ఖాళీ కుర్చీలో తనే కూలబడింది. టేబుల్ మీద చేతికందిన గ్లాసెత్తి నీళ్లు తాగింది. కూతురు "నానమ్మా, అది..." అని చెప్పబోయి ఆగింది. గ్లాసుకున్న ఎర్రచుక్క ఆవిడకి కనిపించకపోలేదు. దానిమీద బొటనవేలు పెట్టి, అడుగంటా తాగి, తన పక్కనే పెట్టుకుంది.

మెట్లమీద టీచరమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తలుపు తీసి, వెనక్కి తిరిగింది.

"స్కూలుకి వెళ్లొస్తానత్తయ్యా. వచ్చేటప్పుడు మార్కెట్ మీదుగా వస్తాను. ఏమైనా తేవాలా?"